వారమున కొకదినము: పొట్టి శ్రీరాములుగారి చరిత్రము

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల విద్యార్థులు తమ చిరునామా వ్రాయునపుడు ఊరిపేరు, మండలము పేరు వ్రాసిన పిమ్మట ఒక మనుష్యుని పేరు వ్రాయుదురు. వారిది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. 2008వ సంవత్సరమున ప్రభుత్వము జిల్లాకు ఈ పేరు పెట్టినది. ఆంధ్రరాష్ట్రము కొరకు 58 దినములు నిరాహారదీక్ష పూని ప్రాణము లర్పించిన త్యాగమూర్తిగా ఆయనను అందరు నెరుగుదురు. ఆ కథ సభలలో ఏటేట వినుచునే యున్నాము. అంతకుముందు నెల్లూరు వీథులలో ఆయన చేసిన పని మాత్రము అంతగా ప్రచారము పొందలేదు. ఈ పాఠమున దానినే కొంత విపులముగా చెప్పదలచితిని.

శ్రీరాములుగారు 1901వ సంవత్సరము మార్చి 16వ తేదీన మద్రాసు జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళె వీథియందు జన్మించిరి. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. వారి పూర్వులు నాటి నెల్లూరు జిల్లావారు. మద్రాసులో చదువుకొని, బొంబాయిలోని విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున శానిటరీ ఇంజనీరింగు అభ్యసించి, రైల్వేలో ఉద్యోగము సంపాదించిరి. నెలకు 250 రూపాయల జీతము ఆ కాలమున సామాన్యమైనది కాదు. అంతలో భార్యయు, అప్పుడే పుట్టిన బిడ్డయు మరణించిరి. ఆయన ఉద్యోగము విడిచి సబర్మతీ ఆశ్రమము చేరిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందును, తరువాత వ్యక్తి సత్యాగ్రహమునందును, క్విట్ ఇండియా ఉద్యమమునందును పాల్గొని చెరసాల కేగిరి. గుజరాతులోని రాజకోటలోను, కృష్ణాజిల్లా కొమరవోలులోను గ్రామసేవ చేసిరి.

గాంధీ మహాత్ముని ఉద్యమమున ఒక విశేషము గమనింపదగి యున్నది. జనులను కదలింపవలసి వచ్చినపుడు ఒక దినమును ముందుగా నిర్ణయించుట ఆనాటి పద్ధతి. 1919 ఏప్రిల్ 6న దేశమంతట హర్తాళము జరిగెను. అదే నెల 13న జలియన్‌వాలాబాగున ఘోరము సంభవించెను. ఆ రెండు తేదీల నడిమి దినములను తరువాత ఏటేట జాతీయ వారముగా జరపిరి. 1930 జనవరి 26న ఊరూర స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చేసిరి. ఇట్టి దినములు ఉపన్యాసములతో ముగియునవి కావు. నూలు వడకుట, ఖద్దరు అమ్ముట, నిధి పోగుచేయుట అను పనులు వానితో కూడి యుండెను. తేదీ తెలిసినచో సామాన్యుడును ఏదో యొకటి చేయక మానడు. సంక్రాంతి వచ్చినదని తెలిసి ఇల్లలుకని ఇల్లాలుండునా? ఆశ్రమజీవితమున ఆరితేరిన శ్రీరాములుగారికి ఈ పద్ధతి బాగుగ తెలియును.

పిమ్మట ఆయన నెల్లూరు చేరి అస్పృశ్యతా నివారణమును తన పనిగా పెట్టుకొనిరి. అంటరానివారని దూరముగ నుంచబడిన ప్రజలను ఆనాడు హరిజనులని వ్యవహరించెడివారు. నేడా మాట వారికి రుచింపదు. దళితులను మాట వాడుకలోనికి వచ్చినది. శ్రీరాములుగారు అట్టలపై నినాదములు వ్రాసి మెడకు వ్రేలాడగట్టుకొని, కాళ్ళకు చెప్పులు లేక, తలపై గొడుగు లేక, మండుటెండలో వీథివీథి తిరిగెడివారు. నెల్లూరు ఎండ యెట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పలువురు ఆయనను పిచ్చివాడనిరి. ఆయన అట్టలు విప్పలేదు. కులభేదము పాటింపక ఎవరింట పెట్టినను భుజించెడివారు.

1946లో నెల్లూరు మూలపేటయందలి వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము కావలెనని ఆయన నిరాహారదీక్ష పూనిరి. తుదకు ఆలయద్వారములు వారికి తెరువబడినవి. మరుసటి యేడు, 1947లో, మద్రాసు ప్రభుత్వము ఆలయ ప్రవేశమునకు చట్టమే చేసినది. అంతటితో ఆయన తృప్తి పడలేదు. గుడి తలుపు తెరచినంత మాత్రమున వాడకు నీరు వచ్చునా? దళితుల బాగోగులను విచారింప ప్రభుత్వము పూనుకొనవలెనని మరల ఉపవాసము చేసిరి. ఫలితముగ, వారమునకు ఒకదినమైనను ఆ పనికి వినియోగింపవలసినదని మద్రాసు ప్రభుత్వము జిల్లా కలెక్టర్లకు ఉత్తరువు పంపినది.

వారమున కొకదినమా, తక్కిన ఆరు దినములు ఎవరివని మీరడుగవచ్చును. ప్రశ్న సరియైనదే. కాని కచ్చేరీ పని యెట్లు సాగునో ఎరిగినవారికి ఈ ఉత్తరువు విలువ తెలియును. దినము నిర్ణయింపని పని రేపటికి, రేపటినుండి ఎల్లుండికి జరుగుచుండును. దినము నిర్ణయమైనచో సాకు చెప్పుట కష్టము. ఆనాడు కలెక్టరు కదలినచో తహసీలుదారు కదలును. తహసీలుదారు కదలినచో కరణము, మునసబు లేచి నిలుతురు. నెల్లూరునకు పడమర సుమారు 60 కిలోమీటర్ల దూరమున ఆత్మకూరు, ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమున కొండక్రింద ఉదయగిరి. పెన్న డెల్టావలె కాలువలు పారు నేల కాదిది, మెట్ట. బావి లోతు, నీరు తక్కువ. అట్టిచోట ఊరి బావికి రావలదనుట ఎంత కఠినమైన శిక్షయో మెట్టవారికే తెలియును. పై అధికారి స్వయముగ వాడకు వచ్చి, నీ రెచ్చట తెచ్చుకొనుచున్నారని అడుగుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. ఉత్తరువు కాగితమునందే నిలిచిపోవుటయు కలదు. అది ఆయా అధికారుల మనసును బట్టి యుండును.

తరువాతి కథ మీరెరిగినదే. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్రరాష్ట్రము కొరకు ఆయన దీక్ష నారంభించిరి. డిసెంబరు 15 రాత్రి కన్నుమూసిరి. ఆంధ్రదేశ మట్టుడికినది. పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. నాలుగు దినములలో, డిసెంబరు 19న, ప్రధానమంత్రి నెహ్రూ రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. డిసెంబరు 15న నేటికిని ఆయన విగ్రహములకు పూలదండలు వేయుదురు. దండ వేయుట మంచిదే. అది అయిదు నిమిషముల పని.

ఆయన ఉపవాసముచే సాధించిన ఆ వారపు దినమును తలపింప జేయునది మరియొకటి కలదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. 1955లో దానిని శిక్షార్హము చేయుచు చట్టము వచ్చినది. 1976 నుండి దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు. ఈ చట్టమును ప్రజలకు తెలుపుటకై మన రాష్ట్రమున నెలాఖరున పౌరహక్కుల దినము జరుపుదురు. రెవెన్యూ, పోలీసు ఉద్యోగులు ఒక గ్రామమునకు వెళ్ళి దళితులతో సమావేశమగుదురు. గుడిలోనికి పోనిచ్చుచున్నారా, కాఫీహోటలులో గ్లాసులు వేరుగ నుంచుచున్నారా, శ్మశానమునకు దారి యున్నదా యని విచారింతురు. చెప్పినది వ్రాసికొందురు. ఉదయగిరి, ఆత్మకూరు మండలముల పల్లెలలో ఈ దినము జరుగునపుడు, ముందటి నెల వ్రాసికొన్న అర్జీ యేమైనదని లేచి యడుగు మనిషి యొక్కడున్నను సమావేశము త్వరగ ముగియదు.