సముద్రపు టడుగును శోధించిన వైవిల్ థామ్సను గారు

సముద్రగర్భమును కన్నులార చూచుట యసాధ్యమైన కాలమున, త్రాడును, సీసపు గుండును, వలయును సాధనములుగా గొని దాని మర్మమును వెలికిదీసినవారిలో సర్ చార్లెస్ వైవిల్ థామ్సను గారు ముఖ్యులు. వీరి చరిత్రమును మా విద్యార్థుల కెఱిగింప గోరుచున్నాము.

వీరు 1830వ సంవత్సరము మార్చి 5వ తేదీన స్కాట్లండులోని లిన్‌లిత్‌గో సమీపమున జన్మించిరి. తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడు. థామ్సను గారును ఎడింబరోలో వైద్యవిద్య నారంభించిరి గాని, ప్రకృతిశాస్త్రమందలి మక్కువచే దానిని విడిచిరి.

అంతకుముందు ఎడ్వర్డు ఫోర్బ్సు అను పండితుడు ఈజియను సముద్రమున వల దింపి పరీక్షించి, లోతు హెచ్చినకొలది ప్రాణులు తగ్గుట గాంచెను. దానినిబట్టి 300 బారలకు దిగువ జీవమే యుండదని యూహించెను. బార యనగా ఆరడుగులు. పలువురు ఆ మాటను నమ్మిరి. అయితే థామ్సను గారు 1866లో నార్వేకు బోయి, అంతకన్న లోతునుండి తీసిన ప్రాణులను స్వయముగా చూచిరి. 1869లో పోర్క్యుపైను అను నోడనుండి 2,435 బారల లోతునకు వల దింపగా, అచ్చటను జీవులు దొరకెను!

పిమ్మట ఛాలెంజరు అను నోడ 1872 డిసెంబరులో బయలుదేఱెను. అందలి శాస్త్రజ్ఞులకు వీరే నాయకులు. 362 తావుల ఓడ నాపి, లోతును, అడుగునందలి మట్టిని, నీటి వేడిమిని, ప్రాణులను పరీక్షించి వ్రాసికొనిరి. ఏ నేలపై నే ప్రాణి వసించునో తెలుపు పటములకు ఇట్టి లెక్కలే పునాది. 1875లో పసిఫిక్ మహాసముద్రమున గుండు 4,475 బారలు దిగెను. 1876 మేలో ఓడ తిరిగివచ్చెను.

ఇంత సాధించియు థామ్సను గారు ఫలము ననుభవింపలేదు. ఆరోగ్యము చెడి, 1882 మార్చి 10వ తేదీన, 52వ యేట మరణించిరి. జాన్ మర్రే గారు ఆ భారము వహించి, 1895 నాటికి 50 సంపుటములను ముగించిరి.

ఆ 362 తావుల నడుమనున్న విశాలప్రదేశము నాడు తెలియకయే మిగిలెను. నేడు సోనారు ధ్వనిని క్రిందికి బంపి, ప్రతిధ్వని వచ్చు కాలమునుబట్టి లోతును, దాని బలమునుబట్టి ఱాయియో బురదయో గుర్తించుచున్నది. మనుష్యులు లేని యంత్రములు దిగి ఛాయాచిత్రములు దెచ్చుచున్నవి. ఐనను ప్రతిధ్వని మాత్రముచే ప్రాణి తెలియదు. చిత్రమో మట్టియో చూచియే నిశ్చయింపవలెను.

బాలబాలికలారా, ఫోర్బ్సు అజ్ఞుడు గాడు. ఒక్క సముద్రమును జూచి అన్ని సముద్రములు నట్టివే యనుకొనెను. మనమును నిత్యము చేయు పొరపాటిదియే. పెద్దలు చెప్పినదానిని గౌరవించుచునే, త్రాడు మఱికొంత దింపి చూచుట థామ్సను గారివలన మనము నేర్వదగిన పాఠము.