యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) సుప్రసిద్ధ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లంపై ఈయన బృందం చేసిన పరిశోధనలు రక్తహీనత, క్యాన్సర్ చికిత్సలకు తోడ్పడ్డాయి. కో-ట్రైమోక్సజోల్ వంటి జంట మందులకు బాక్టీరియా లొంగునో లేదో పరీక్షించే పద్ధతిని అర్థం చేసుకొనుటకు కూడా ఫోలిక్ ఆమ్ల జ్ఞానమే ఆధారం.

బాల్యం, విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడై, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, తరువాత మద్రాసు వైద్య కళాశాలలోను చదివాడు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ వ్యాధితో మరణించాడు. ఆ వ్యాధికి ఉపయోగపడిన ఔషధాలలో ఫోలిక్ ఆమ్లం ఒకటి.

హార్వర్డులో

1923లో బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలసి పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వీరు గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని స్వతంత్రంగా కనుగొన్నాడు.

లెడర్లే పరిశోధనలు

1940లో లెడర్లే ప్రయోగశాలలలో చేరి, అనంతరం పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఈయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించింది. ఈ విటమిన్‌ను కొలుచుటకు లాక్టోబాసిల్లస్ కేసీ అను బాక్టీరియా ఉపయోగపడింది. ద్రావణంలో విటమిన్ ఎంత ఉంటే అది అంతగా పెరిగేది. ఫోలిక్ ఆమ్లానికి విరోధి అయిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌పై ప్రయోగించి, తాత్కాలిక ఉపశమనాన్ని 1948లో ప్రకటించాడు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా ఈ ప్రయోగశాలల నుండే వెలువడ్డాయి.

జంట మందు - సున్నితత్వ పరీక్ష

సుబ్బారావు మరణానంతరం, 1960 దశకం చివర కో-ట్రైమోక్సజోల్ వాడుకలోకి వచ్చింది. మనుషులు ఫోలేటును ఆహారం నుండి పొందుతారు. అనేక బాక్టీరియాలు తామే తయారుచేసుకుంటాయి. ఈ తయారీలో ఒక మెట్టును సల్ఫామెథాక్సజోల్, తరువాతి మెట్టును ట్రైమెథోప్రిమ్ అడ్డగిస్తాయి.

ప్రయోగశాలలో రోగి నుండి వేరుచేసిన బాక్టీరియాను ముల్లర్-హింటన్ అగార్‌పై పూసి, 1.25 మైక్రోగ్రాముల ట్రైమెథోప్రిమ్, 23.75 మైక్రోగ్రాముల సల్ఫామెథాక్సజోల్ గల కాగితపు బిళ్ళను ఉంచుతారు. మరునాడు బిళ్ళ చుట్టూ పెరుగుదల లేని వలయపు వ్యాసాన్ని కొలిచి, ప్రామాణిక పట్టికతో పోల్చుతారు. అగార్‌లో థైమిడిన్ అధికంగా ఉన్నచో బాక్టీరియా దానిని వాడుకొని మందును తప్పించుకుంటుంది. అప్పుడు లొంగేది కూడా లొంగనిదిగా కనిపిస్తుంది. ఎంటరోకాకస్ విషయం ఇందుకు భిన్నం. అది బయటి ఫోలేటును గ్రహించగలదు కనుక పరీక్షలో లొంగినట్లు కనిపించినా, రోగికి మందు పనిచేయకపోవచ్చు.

గుర్తింపు

ఈయన న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. జీవించి ఉండగా తగిన కీర్తి లభించలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.