అనాథల తల్లి పండిత రమాబాయి

కృష్ణా కాలువల క్రింద వరియు, చెరకును పండించుకొను ఉయ్యూరు ప్రాంతపు వారమైన మనము కరువును గూర్చి వినుటయే గాని చూచినది తక్కువ. మన కడగండ్లు ఎక్కువగా నీటివలన వచ్చినవే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎందరో బిడ్డలను తలిదండ్రులు లేని వారినిగా చేసెను. ఉప్పెన అయినను, కరువు అయినను దాని వెనుక మిగులు ప్రశ్న ఒక్కటే. ఈ బిడ్డలకు ఇకమీదట తల్లి ఎవరు? ఆ ప్రశ్నకు తన బ్రతుకునే జవాబుగా ఇచ్చిన స్త్రీ పండిత రమాబాయి. ఆమె కుటుంబము ఆకలితో అడవి పాలైనది మన తిరుపతి ప్రాంతముననే యని మనలో కొద్దిమందికే తెలియును.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల అడవిలో, గంగామూల యొద్ద, బ్రాహ్మణ కుటుంబములో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీకి సంస్కృతము తగదని తోటివారు ఆక్షేపించినను ఆయన లెక్కచేయక తన భార్య లక్ష్మీబాయికి నేర్పెను. ఆ తల్లి తెల్లవారుజామున, ఇంటి పనులకు ముందే బిడ్డను ముద్దుమాటలతో లేపి పాఠము చెప్పెడిది. ఈ కుటుంబము ఊరూర పురాణము చదువుచు, యాత్రలు చేయుచు జీవించెను.

1874 ప్రాంతమున వచ్చిన కరువులో వారి చేతనున్నదంతయు అయిపోయెను. తిరుపతిలో నుండగా చివరి బియ్యపు గింజ కూడ ముగిసెను. బిచ్చమెత్తుటకు మనసొప్పక, చనిపోవుటకే సిద్ధపడి వారు అడవిలో ప్రవేశించిరి. పదకొండు దినములు ఆకులు, నీళ్ళు, గుప్పెడు ఈతపండ్లే వారికి ఆహారము. తండ్రి కొలది దినములకే మరణించెను. కొన్ని నెలలకు రాయచూరులో తల్లి మరణశయ్యపై నుండెను. ఆమెకు ఒక ముద్ద తెచ్చుటకు రమాబాయి పొరుగింటి గుమ్మము ముందు నిలిచెను గాని, అడుగుటకు నోరు రాలేదు. ఆ ఇల్లాలు జాలిపడి సజ్జరొట్టె ముక్క ఇచ్చెను. తల్లికి దానిని తిను శక్తి లేకపోయెను. శవమును మోయుటకు మనుష్యులు చాలనందున, అన్న శ్రీనివాసునితో పాటు ఆ పదునారేండ్ల పిల్ల కూడ పాడె పట్టెను. పొట్టిదగుటచే కొమ్మును తలపై పెట్టుకొని రమారమి మూడు మైళ్ళు నడిచెను.

పిమ్మట అన్నాచెల్లెండ్రు కాలినడకన దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి. ఆమె విద్యకు ఆశ్చర్యపడిన పండితులు ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. 1880లో అన్న, 1882లో భర్త బిపిన్ బిహారి మరణించిరి. ఒడిలో చిన్నబిడ్డ మనోరమ మాత్రమే మిగిలెను. 1883లో ఇంగ్లండు వెళ్ళి అక్కడ బాప్తిస్మము పొందెను. అమెరికాలో సహాయము కూర్చుకొని వచ్చి, 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువుల కొరకు శారదా సదనమును తెరచెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మారెను. బాలికలు క్రీస్తువైపు తిరుగుచున్నారని 1893లో అలజడి లేచి, సలహా సంఘపు పెద్దలు తప్పుకొనిరి. పలువురు తలిదండ్రులు తమ బిడ్డలను తీసికొనిపోయిరి. అయినను ఆమె తలుపు మూయలేదు.

1896-97లో మధ్యపరగణాలలో కరువు వచ్చెను. తన తిరుపతి దినములు మరువని రమాబాయి స్వయముగా అక్కడికి వెళ్ళి సుమారు 300 మంది బాలికలను తెచ్చెను. వారిని ఉంచుటకు ఇల్లు లేదు. పూనా దగ్గర కేడ్గాంలో తాను కొన్న పొలములో పాకలు వేయించెను. ఆ బిడ్డలు ఎముకల గూళ్ళు. ఒంటినిండ పుండ్లు, తలనిండ పేలు. ఆకలి నేర్పిన చెడ్డ అలవాట్లు కూడ కొందరికి ఉండెను. వారిని కడిగి, తినిపించి, ఓర్చుకొని పెంచిన చోటే ముక్తి సదనము. 1900 నాటి గుజరాతు కరువు తరువాత అక్కడి వారి సంఖ్య రెండువేలకు సమీపించెను. చదువుతో పాటు నేత, కుట్టు, వ్యవసాయము, అచ్చుపని నేర్పిరి. గ్రుడ్డివారి కొరకు పాఠశాల ఏర్పడెను. రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి మరాఠీలోనికి త్రిప్పిన బైబిలును అచ్చుకు కూర్చినది ఆ బిడ్డల చేతులే.

తల్లికి కుడిభుజముగా నుండిన మనోరమ 1921లో మరణించెను. వేలమంది బిడ్డలకు తల్లియైన ఆమె, కన్న ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకొనెను. మరుసటి సంవత్సరము 1922 ఏప్రిల్ 5న ఆమెయు ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, అడగనిదే అమ్మయినను పెట్టదని మనలో ఒక సామెత గలదు. అమ్మ ఉన్న బిడ్డకు అది చెల్లును. అమ్మ లేని బిడ్డ అడుగలేడు. పరుల గుమ్మము ముందు నోరు పెగలక నిలిచిన రమాబాయికి ఆ సంగతి తెలియును గనుకనే, ఎవరును అడుగక మునుపే ఆమె వెళ్ళి తెచ్చెను. మన సంఘములలో ఏ బంధువుల పంచననో, సగము కడుపుతో, బడి మాని చాకిరి చేయు తల్లిలేని బిడ్డలు లేరా? వారు మన గుమ్మము వద్దకు వచ్చి అడుగరు. మనమే లేచి వెళ్ళవలెను. శతవత్సరముల కృతజ్ఞతకు అంతకంటె తగిన కానుక లేదని నా మనవి.