చిత్తూరు నాగయ్యగారు



పావగడ తాలూకా కర్ణాటకలోనిదే అయినా, దాని చుట్టూ చాలావరకు ఆంధ్ర సరిహద్దే. అందుచేత అరసికెరె ప్రాంతములో చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడము. అటువంటి ఊళ్లనుండి బ్రతుకుతెరువుకు వచ్చి స్థిరపడినవారిని మీదే ఊరని అడిగితే, ఒక్క మాటలో చెప్పడం కష్టము. మనవంటివారము తెలిసికొనదగిన జీవితము నాగయ్యగారిది.

ఆయన 1904 మార్చి 28న నాటి గుంటూరు జిల్లా రేపల్లెలో జన్మించారు. ఇంటిపేరు వుప్పలదడియం. కాని నటుడుగా, గాయకుడుగా పేరు వచ్చినది చిత్తూరు నాటకరంగములో. పుట్టిన ఊరు కాక, చేరదీసిన ఊరే ఆయన పేరులో నిలిచిపోయినది.

1938లో గృహలక్ష్మితో సినిమాలలో ప్రవేశించి, 1939లో వందేమాతరం చిత్రములో కథానాయకుడయ్యారు. పోతనగాను, 1947లో వేమనగాను నటించారు. 1946లో వచ్చిన త్యాగయ్యకు దర్శకత్వము కూడా ఆయనదే. తన పాటలు తానే పాడుకొనేవారు. 1945లో తమిళ మీరాలో సుబ్బులక్ష్మిగారి సరసన రాణాగా నటించి తమిళులకూ దగ్గరయ్యారు.

ఆ రోజులలో ఆయన సంపాదన గొప్పది. చేయి అంతకంటె పెద్దది. ఇంటికి వచ్చినవారికి అన్నము, అడిగినవారికి ధనము. ఎవరికెంత ఇచ్చారో లెక్క వ్రాసికొనలేదు. స్వంత చిత్రాలలో నష్టాలూ తోడై, కూడబెట్టినది కరిగిపోయినది. 1965లో పద్మశ్రీ బిరుదు వచ్చినప్పటికి, చిన్న చిన్న తండ్రి పాత్రలతోనే జీవనము గడుపుతున్నారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో పేదవాడుగానే కన్నుమూశారు. తరువాత అక్కడి పానగల్ పార్కులో ఆయన విగ్రహము నిలిపారు.

లెక్కలేకుండా ఇవ్వడం సరియేనా అన్న విషయములో మనలో అభిప్రాయభేదము ఉండవచ్చును. ఇంటిని చూచుకొనవలసిన బాధ్యత ఇచ్చేవారికీ ఉన్నది. అయితే ఇచ్చినవాని పొరపాటునే ఎంచి, పుచ్చుకొన్నవారి బాకీని మరచిపోవడం న్యాయము కాదు. విగ్రహము ఆకలి తీర్చదు.

మన సంఘములలోనూ ఇటువంటివారు ఉన్నారు. మనము పెట్టె బేడాతో కొత్త ఊరిలో దిగిన దినాన తమ ఒక్క గదిలోనే చోటిచ్చినవారు, పనిలో పెట్టించినవారు, మొదటి నెల బియ్యము అప్పిచ్చి తిరిగి అడగనివారు. వారిలో పలువురు నేడు వృద్ధులు. వారి పేరున జ్ఞాపకార్థ కూటము పెట్టుకొనే దినము వరకు ఆగక, ఈ వారమే వెళ్లి వారి మందులు, ఇంటి అద్దె సంగతి విచారించుదము.