రెండు వేల రూపాయల కారు: జి.డి. నాయుడు జీవితం

కోయంబత్తూరు నగరంలో అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో ప్రారంభమైన పది కిలోమీటర్ల పైవంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఆ వంతెన మీదుగా కార్లలో వెళ్ళేవారిలో పెక్కుమందికి ఆయన భారతదేశపు ఎడిసన్ అన్న బిరుదు తెలుసు. సామాన్య సంసారి ఇంటి ముందు ఒక కారు నిలబెట్టాలని ఆయన పడిన తపన, అది ఫలించక పోయిన తీరు మాత్రం అంతగా ప్రచారంలో లేవు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల క్రితం కొంగునాడుకు తరలివచ్చి, నల్లరేగడి భూముల్లో పత్తి పండించుకుంటూ ఇంట్లో తెలుగు, ఊళ్ళో తమిళం మాట్లాడుతూ స్థిరపడిన వ్యవసాయ కుటుంబాలలో ఆయనది ఒకటి. తల్లి చిన్నతనంలోనే మరణించింది. చదువు ప్రాథమిక తరగతులు దాటలేదు. బడిలో ఉపాధ్యాయుడి మీద ఇసుక చల్లి పారిపోయాడని ఒక కథ నేటికీ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, బడి ఆయనను పట్టి ఉంచలేకపోయిందన్నది నిజం.

పట్టి ఉంచినది ఒక మోటారు సైకిలు. లాంకషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి దానిపై ఆ పల్లెకు వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను నడిచే బండిని ఆ యువకుడు చూడటం అదే మొదలు. దానిని ఎలాగైనా సంపాదించాలన్న పట్టుదలతో కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. సుమారు మూడేళ్ళు పని చేసి నాలుగు వందల రూపాయలు కూడబెట్టి, ఆ దొర దగ్గరికే వెళ్ళి మూడు వందలకు ఆ బండిని కొన్నాడు. కొన్నవాడు ఊరేగలేదు. దానిని మరమేకుతో సహా ఊడదీసి పరచుకొని, ఏ భాగం దేనిని కదిలిస్తున్నదో తెలుసుకొని, మళ్ళీ బిగించాడు. ఆయన చదివిన ఇంజనీరింగు కళాశాల అదే.

ఆ తరువాత మెకానిక్కు పని, తిరుప్పూరులో పత్తి వ్యాపారం సాగాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లాభం వచ్చింది. ఆ లాభం బొంబాయి పత్తి బజారులో హరించుకుపోయింది. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ దశలో కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయనలోని పనితనాన్ని గుర్తించి, ఒక బస్సు సమకూర్చుకోవడానికి సాయపడ్డాడు. 1920లో పొల్లాచి, పళనిల మధ్య నాయుడుగారు స్వయంగా చక్రం పట్టి ఆ బస్సు నడిపారు. దూరం సుమారు 65 కిలోమీటర్లు. పళని కొండకు వెళ్ళే భక్తులకు అంతవరకు ఎద్దుబండ్లే ఎక్కువగా దిక్కు.

ఆ ఒక్క బస్సు యునైటెడ్ మోటార్ సర్వీసుగా, జనం నోట యు.ఎం.ఎస్.గా ఎదిగింది. 1933 నాటికి 280 బస్సులు ఉండేవని ఆయన చరిత్రకారులు వ్రాశారు. సంఖ్య కంటే ముఖ్యమైనది సమయపాలన. యు.ఎం.ఎస్. బస్సు వస్తే గడియారం సరిచూసుకోవచ్చునన్న పేరు ఆ సంస్థకు వచ్చింది. ఇంజను నడిచేటప్పుడు పుట్టే అదురును బట్టి లోపాన్ని కనిపెట్టే పరికరాన్ని కూడా ఆయన రూపొందించారని చెబుతారు. దారిలో ఆగిపోయిన బండిని బాగుచేయడం కంటే, బయలుదేరకముందే దాని జబ్బు తెలుసుకోవడం మేలు గదా.

ఇక్కడ వేగం సంగతి కొంత చెప్పుకోవాలి. కారున్న ప్రతివాడూ ఎదుటి పలకలోని ముల్లును నమ్ముతాడు. ఆ ముల్లు రోడ్డును చూడదు. చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో ఆ లెక్క ఒక్కటే దానికి అందుతుంది. జర్మన్ ఇంజనీరు ఆట్టో షుల్జే 1902లో పేటెంటు పొందిన పాత పద్ధతిలో, గేరుపెట్టె నుండి వచ్చే తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న లోహపు గిన్నె ఆ ఈడ్పుకు కొంత మళ్ళుతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనక్కి లాగుతుంది. ఈ రెంటి పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే వేగం. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. నేటి కార్లలోనూ ముల్లు కొంత ఎక్కువ చూపేటట్లే అమర్చుతారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపరాదు, ఎక్కువైతే అసలు వేగంలో పదోవంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు చూపవచ్చు. అంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 114 అని చూపినా తప్పు కాదు. ఉపగ్రహపు లెక్కతో పోల్చి చూసి ఆశ్చర్యపోయే కారు ప్రియులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మైలురాయికీ గడియారానికీ ఈ మొహమాటాలు లేవు. రెండు ఊళ్ళ మధ్య దూరం మారదు, బయలుదేరిన నిమిషం, చేరిన నిమిషం దాచడానికి వీలులేదు. బస్సు సరైన వేళకు వచ్చిందా లేదా అన్నది రోడ్డు పక్కన మూట పట్టుకొని నిలబడిన రైతు కూడా చెప్పగలడు. సమయపాలన మీద పేరు నిలబెట్టుకోవడం అందుకే కష్టం.

1930ల నుండి నాయుడుగారి దృష్టి అనేక వైపులకు పారింది. ఐరోపా, అమెరికాలు తిరిగారు. వెళ్ళినచోటల్లా కర్మాగారాల్లోనే ఎక్కువ కాలం గడిపారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి విద్యుత్ మోటారును తయారు చేశారు. బ్యాటరీతో నడిచే రసాంట్ అనే గడ్డం గీసుకునే యంత్రం, పలుచని బ్లేడ్లు, కిరోసిను మంటతో తిరిగే పంకా, పళ్ళరసం తీసే యంత్రం ఆయన చేతుల మీదుగా వచ్చాయి. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. ఈ జాబితాలో ఒక పోలిక కనిపిస్తుంది. ధనికుడి ఇంట్లో ఉన్న వస్తువు విప్పి చూడటం, అది అంత ఖరీదు ఎందుకైందో కనిపెట్టడం, అనవసరమైనది తీసివేయడం.

చదువు విషయంలోనూ అదే ధోరణి. మూడో తరగతి దాటని మనిషి 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం నెలకొల్పడానికి మూలపురుషుడయ్యారు. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో మొదలైన ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు కాలహరణమనీ, రెండేళ్ళు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన ఆ బాధ్యత నుండి తప్పుకున్నారు. ఆయన వాదంలో తొందరపాటు లేకపోలేదు. మూడు వందల రూపాయల మోటారు సైకిలు విప్పి నేర్చుకోగలిగిన బుద్ధి అందరికీ ఉంటుందని ఆయన భావించారు. తరగతి గదిలో నలభై మందిని చూసినవారు అలా అనుకోలేరు. అయినా, చేతితో చేయని చదువు చదువు కాదన్న ఆయన మాటలోని సత్యాన్ని ఎవరూ కాదనలేరు.

ఇక కారు. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలని నిర్ణయించారు. ఆ రోజుల్లో కారు జమీందారుకు, మిల్లు యజమానికి, పెద్ద వకీలుకు తగినది. ఉపాధ్యాయుడు, చిన్న రైతు, కొట్టు నడిపే షావుకారు దానిని ఎక్కాలంటే బాడుగ కట్టవలసిందే. రెండు వేలన్నది కూడా చిన్న మొత్తం కాదు, కానీ కొన్నేళ్ళు కూడబెట్టగలిగిన మొత్తం. సర్వరు పని చేసి నాలుగు వందలు కూడబెట్టినవాడికి ఆ తేడా బాగా తెలుసు.

కాలం కలిసిరాలేదు. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో ఆమోదం పొంది 1952 మేలో అమలులోకి వచ్చింది. ఇకపై కర్మాగారం పెట్టాలన్నా, కొత్త వస్తువు చేపట్టాలన్నా కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు కావాలి. నాయుడుగారి కారుకు అది లభించలేదు. కార్ల తయారీ హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డ్ వంటి కొద్ది సంస్థల చేతిలోనే నిలిచింది.

ఆ లైసెన్సు వచ్చివుంటే దేశమంతటా ఆ కారు తిరిగేదని ఖాయంగా చెప్పలేము. పనిమంతుడి షెడ్డులో ఒక కారు నడవడం వేరు, పదివేల కార్లు పదేళ్ళపాటు గుంతల రోడ్ల మీద నడవడం వేరు. విడిభాగాలు, మరమ్మతు చేసేవారు, నాణ్యమైన ఉక్కు, అన్నీ కావాలి. అయినా బస్సుల సంస్థను నిమిషాల లెక్కన నడిపిన మనిషికి ఆ పరీక్ష రాసే అవకాశమైనా ఇవ్వవలసింది.

పన్నుల మీద, ఆంక్షల మీద ఆయన కోపం పెరిగింది. 1950లలో తాను తయారుచేసిన రేడియోలు, గడియారాలు మొదలైనవాటిని బహిరంగంగా జనం ఎదుట పగలగొట్టించి నిరసన తెలిపారు. వాటిని పేద విద్యార్థులకు పంచినా సరిపోయేది గదా అన్న విమర్శ సహజమే. పంచిపెట్టిన వస్తువు వార్త కాదని, పగిలిన వస్తువు వార్త అని ఆయన ఎరిగినట్లున్నారు. ఆ వార్తా కొద్ది రోజుల్లో మాసిపోయింది.

చివరి దశాబ్దాలలో ఆయన వ్యవసాయ ప్రయోగాలు, యువతకు శిక్షణ, తన పారిశ్రామిక ప్రదర్శనశాల చూసుకుంటూ గడిపారు. ఆయన పేరిట 2015లో అవినాశి రోడ్డు మీదనే ఒక కార్ల ప్రదర్శనశాల తెరుచుకుంది.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. ఆ సంవత్సరంలో కొత్త కారుకు డబ్బు కట్టినవారు బండి చేతికందడానికి ఏళ్ళ తరబడి వరుసలో నిలబడేవారు. మధ్యతరగతి కోసమని వచ్చిన మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, నాయుడుగారి రెండు సీట్ల కారుకు 31 సంవత్సరాల తరువాత.