తుపాకులు పోయాయి.. పౌరుషం మిగిలింది! ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎలాంటి ఇంట్లో పెరిగారంటే..

కర్నూలు, కడప జిల్లాల్లో ఆ పేరు తెలియనివాళ్లుండరు. 'సైరా' సినిమాతో దేశమంతా తెలిసింది. మరి తెల్లదొరలపై ఆయన కోపం ఎక్కడ మొదలైంది? అది తెలియాలంటే ఆయన పుట్టకముందుకు వెళ్లాలి.

1800లో నిజాం సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటికి ఇక్కడ పాలెగాళ్లదే రాజ్యం. కోట, తుపాకులు, కట్టుబడి బంట్లు.. ఇవే వాళ్ల హోదా. కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో సరిగ్గా వాటిపైనే దెబ్బకొట్టాడు. కోటలు పోయాయి, బలగాలు పోయాయి. చేతికి మిగిలింది నెలవారీ పింఛను మాత్రమే.

1806లో నరసింహారెడ్డి పుట్టింది అలాంటి ఇంట్లోనే. తండ్రి పెదమల్లారెడ్డిది పాలెగాళ్ల వంశం. తల్లి తండ్రి జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు. పాలెగాళ్ల ఇళ్లలో పిల్లలకు ఆయుధమంటే భయం నేర్పరు. అది ఇంటి మర్యాద. కంపెనీ ఆయుధాలు లాక్కుంది కానీ, పెద్దల మనసులోని ఆ మర్యాదను లాక్కోలేకపోయింది. పిల్లాడికి వారసత్వంగా దక్కింది అదే.

తాత మగ సంతానం లేకుండా చనిపోవడంతో నొస్సం పింఛను ఆగిపోయింది. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర! ఇది చాలదన్నట్టు కట్టుబడి బంట్ల మాన్యాలపైనా కంపెనీ కన్నుపడింది. ఆ పొలాలే ఆధారమైన వాళ్లంతా రెడ్డి గుమ్మం ముందు నిలబడ్డారు. 1846 జులైలో ఆయన ఆయుధం పట్టారు. వడ్డె ఓబన్న లాంటి అనుచరులతో కలిసి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. తహశీల్దార్ హతమయ్యాడు. ఆయన తలపై కంపెనీ రివార్డు ప్రకటించింది. అక్టోబర్‌లో ఆయన పట్టుబడ్డారు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అందరూ చూస్తుండగా ఉరితీశారు. అంతటితో ఆగలేదు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 వరకు, అంటే 30 ఏళ్లు అది అక్కడే ఉంది. ఆయుధం పడితే ఇదే గతి అని సీమ పిల్లలకు నేర్పాలన్నది తెల్లోళ్ల లెక్క.

కానీ సీమ తల్లిదండ్రులు చెప్పిన పాఠం వేరు. భయం బదులు ఆయన కథనే పాటగా కట్టి పిల్లలకు వినిపించారు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

అదే గడ్డపై తర్వాతి కాలంలో ఫ్యాక్షన్ పగలు ఎన్నో ఇళ్లను కూల్చాయి. పౌరుషం కథ చెప్పే పెద్దలు, దాని కోసం ఆ ఇల్లు కట్టిన మూల్యం కూడా పిల్లలకు చెప్పాల్సిందే.