శిష్యులను తీర్చిదిద్దిన ఉస్తాద్ - హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై)

నేడు ఏ పాఠశాలకు వెళ్ళినా, ఏ మదరసాకు వెళ్ళినా ఉపాధ్యాయుల నుండి ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది. పిల్లలు మాట వినడం లేదు, పెద్దల పట్ల గౌరవం తగ్గింది, తరగతిలో క్రమశిక్షణ లేదు అని. ఇంట్లో తల్లిదండ్రుల బాధ కూడా ఇదే. దీనికి మందు బెత్తమేనని కొందరు అనుకుంటారు. పిల్లల్ని వారి ఇష్టానికి వదిలేయడమే మేలని మరికొందరు అనుకుంటారు. ఈ రెండు దారులూ తొక్కకుండా, తన శిష్యులను గొప్ప ధర్మవేత్తలుగా, న్యాయమూర్తులుగా, సచ్ఛీలురుగా తీర్చిదిద్దిన ఒక ఉస్తాద్ జీవితాన్ని ఈ నెల తెలుసుకుందాం.

ఆయనే హజ్రత్ ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మలై). మన తెలుగు నేలపై అధిక శాతం ముస్లిం కుటుంబాలు నమాజు, ఉపవాసం, నికాహ్ వంటి విషయాల్లో అనుసరించే ఫిఖహ్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఫత్వాలు మనకు తెలుసు. ఆయన పాఠం చెప్పిన తీరు మాత్రం మనలో చాలామందికి తెలియదు.

బజారు నుండి పాఠ సభకు

ఇమామ్ గారి అసలు పేరు నోమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. కుటుంబ వృత్తి పట్టు బట్టల వ్యాపారం. యౌవనంలో ఆయన ధ్యాస కూడా ఎక్కువగా బజారు మీదే ఉండేది. ఒకరోజు కూఫా పండితుడు ఇమామ్ షాబీ (రహ్మలై) ఆయన్ని చూసి, ఎవరి వద్దకు వెళ్ళి వస్తుంటావని అడిగారు. తాను బజారుకు వెళ్తుంటానని నోమాన్ చెప్పారు. ఆ యువకునిలో చురుకుదనాన్ని, మేధస్సును గమనించిన షాబీ, ధర్మవేత్తల సాంగత్యంలో కూర్చోమని హితవు పలికారు. ఆ మాట మనసులో నాటుకుపోయింది. దారిన పోయే ఒక కుర్రవాడిలోని ప్రతిభను గుర్తించి, ఒక మంచి మాట చెప్పిన ఆ పండితుని పుణ్యం ఎంత గొప్పదో ఆలోచించండి!

కొంతకాలం ఇతర విద్యలు అభ్యసించాక ఆయన హజ్రత్ హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) పాఠ సభలో చేరారు. మొత్తం 18 సంవత్సరాలు ఆ ఉస్తాద్‌ను వీడలేదు. మరుసటి రోజు హమ్మాద్ పాఠం అప్పజెప్పమంటే ఇతరులు తడబడేవారు, నోమాన్ మాత్రం తడబడకుండా చెప్పేవారు. అది చూసి, సభ ముందు వరుసలో తన ఎదుట నోమాన్ తప్ప మరెవరూ కూర్చోరాదని హమ్మాద్ నిర్ణయించారు.

అరవై ప్రశ్నలు

పదేళ్ళు గడిచాక నోమాన్ మనసులో ఒక కోరిక పుట్టింది. తాను వేరుగా ఒక సభ పెట్టుకోవాలని. ఆ ఉద్దేశంతోనే ఒక సాయంత్రం మస్జిద్‌కు వెళ్ళారు. తీరా ఉస్తాద్‌ను చూడగానే వేరుపడడానికి మనసొప్పక, వెళ్ళి ఆయన దగ్గరే కూర్చున్నారు. అదే రాత్రి హమ్మాద్‌కు ఒక కబురు వచ్చింది. బస్రాలో బంధువొకరు మరణించారు, ఆస్తికి హమ్మాద్ తప్ప వేరే వారసులు లేరు. ఆయన నోమాన్‌ను తన స్థానంలో కూర్చోబెట్టి ప్రయాణమయ్యారు.

రెండు నెలల కాలంలో, ఉస్తాద్ నోట ఎన్నడూ వినని ప్రశ్నలు నోమాన్ ముందుకు వచ్చాయి. ఆయన జవాబులు చెప్తూ వాటిని రాసిపెట్టుకున్నారు. ఉస్తాద్ తిరిగి వచ్చాక ఆ కాగితాలు ముందు పెట్టారు. మొత్తం అరవై ప్రశ్నలు. నలభైటిలో హమ్మాద్ ఏకీభవించారు, ఇరవైటిలో విభేదించారు. ఉస్తాద్ జీవించి ఉన్నంతవరకు ఆయన్ని వదలకూడదని నోమాన్ ఆ రోజే నిశ్చయించుకున్నారు. హిజ్రీ 120 (క్రీ.శ. 738)లో హమ్మాద్ పరమపదించారు. ఆ తరువాతే ఇమామ్ గారు ఉస్తాద్ పీఠంపై కూర్చున్నారు. తల్లిదండ్రుల కోసం చేసే దుఆలో ఉస్తాద్‌ను కూడా కలుపుకునేవారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి.

నోరు విప్పే స్వేచ్ఛ

ఇమామ్ గారి సభ నడిచే తీరు విలక్షణమైనది. ఒక సమస్యను సభ ముందు పెట్టేవారు. శిష్యులు తమ తమ అభిప్రాయాలు, ఆధారాలు చెప్పేవారు. వాదనలు సాగేవి, ఒక్కోసారి గొంతులు కూడా పెరిగేవి. ఇమామ్ గారు ఓపికగా అందరి మాటలూ వినేవారు. ఆయన మాట మొదలుపెట్టగానే సభ నిశ్శబ్దమైపోయేది. అంతా తేలాకే ఆ విషయాన్ని రాయించేవారు. ఆఫియా బిన్ యజీద్ అనే శిష్యుడు ఆ రోజు రాకపోతే, అతను వచ్చి తన మాట చెప్పేవరకు ఆ చర్చను ముగించవద్దనేవారు. తన మాటకు ఇంత విలువ ఉందని తెలిసిన విద్యార్థి పాఠం పట్ల అశ్రద్ధ చూపగలడా?

ఒకసారి ఒక యువకుడు సభలోనే లేచి, ఇమామ్ గారు పొరబడ్డారని ముఖం మీదే చెప్పేశాడు. అక్కడున్న ఒక అతిథి నివ్వెరపోయి, పెద్దల పట్ల ఇంత అమర్యాదా అని మందలించబోయాడు. ఇమామ్ గారు అతణ్ణి వారించారు. ఇలా మాట్లాడే అలవాటు వీరికి తానే చేశానని తెలియజేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంత స్వేచ్ఛ పొందిన ఈ శిష్యులే ఉస్తాద్ అంటే ప్రాణం ఇచ్చేవారు. భయంతో వచ్చే మౌనం ఉస్తాద్ గది దాటగానే అంతమవుతుంది. ప్రేమతో వచ్చే గౌరవం ఆయన మరణానంతరం కూడా నిలిచి ఉంటుంది.

పూట గడవని ఇంటి నుండి వచ్చిన శిష్యుడు

హిజ్రీ 113 (క్రీ.శ. 731)లో జన్మించిన యాఖూబ్ బిన్ ఇబ్రాహీమ్ ఒక నిరుపేద కుటుంబంలోని పిల్లవాడు. ఈయనే తరువాత ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై)గా ప్రసిద్ధి చెందారు. అతని ఇంటివారు పాఠం మాన్పించి పనిలో పెట్టాలనుకున్నారు. ఇమామ్ గారి రొట్టె సిద్ధంగా ఉంది, మనం సంపాదిస్తే గాని తినలేమని అతనికి నచ్చజెప్పారు. ఇది తండ్రి మాట అని ఒక ఉల్లేఖనం, పనిలో పెట్టింది తల్లి అని మరో ఉల్లేఖనం ఉన్నాయి. యాఖూబ్ సభకు రావడం తగ్గించాడు.

ఇమామ్ గారు అతని లోటును గమనించారు. ఎందుకు రావడం లేదని వాకబు చేశారు. యాఖూబ్ వచ్చి, ఇంటి పరిస్థితి వల్ల, పెద్దల మాట వల్ల రాలేకపోయానని చెప్పుకున్నాడు. ఇమామ్ గారు ఒక్క మాట కూడా నొప్పించలేదు. సభ ముగిసి అందరూ వెళ్ళాక అతని చేతిలో ఒక సంచి పెట్టారు. అందులో వంద దిర్హములు ఉన్నాయి. పాఠం మానవద్దని, ఇవి అయిపోతే తెలియజేయమని చెప్పారు. అయితే అయిపోయాయని చెప్పే అవసరం యాఖూబ్‌కు ఎన్నడూ రాలేదు. అయిపోయే వేళకు మరో సంచి అందేది.

ఆ సహాయం చేసిన విధానం చూడండి. నలుగురి ముందు ఇవ్వలేదు, అడిగించుకోలేదు. ఇమామ్ గారు వ్యాపార లాభాల్లో నుండి పండితులకు, విద్యార్థులకు ఆహారం, బట్టలు సమకూర్చేవారు. ఇది అల్లాహ్ అనుగ్రహమని, కృతజ్ఞత అల్లాహ్‌కే చెల్లించమని వారిని కోరేవారు. వ్యాపార భాగస్వామి ఒకసారి లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా అమ్మేశాడు. కొన్నవారెవరో తెలియకపోవడంతో ఆ సొమ్మంతా దానం చేసేశారు. నిజాయితీ గురించి శిష్యులకు వేరే ఉపన్యాసం ఏం కావాలి?

చాకలి బట్ట సమస్య

ఒకసారి అబూ యూసుఫ్ తీవ్రంగా జబ్బుపడ్డారు. ఇమామ్ గారు పరామర్శించడానికి వెళ్ళి, తన తరువాత ముస్లిములకు ఇతను అండగా ఉంటాడని ఆశించానని, ఇతను పోతే ఎంతో విద్య పోతుందని బాధపడ్డారు. అల్లాహ్ దయవల్ల అబూ యూసుఫ్ కోలుకున్నారు. కాని ఆ ప్రశంస చెవిన పడడంతో మనసులో కాస్త గర్వం ప్రవేశించింది. ఇమామ్ గారి సభకు వెళ్ళడం మాని, సొంతంగా సభ పెట్టుకున్నారు.

ఇమామ్ గారు కోపగించుకోలేదు, ఎవరి వద్దా నిందించలేదు. ఒక మనిషిని ఒక ప్రశ్నతో పంపారు. ఒకతను చాకలికి బట్ట ఇచ్చాడు. తిరిగి అడిగితే, నీవు ఇవ్వనే లేదని చాకలి బుకాయించాడు. మరోసారి వెళ్ళినప్పుడు శుభ్రం చేసిన బట్టను తెచ్చి ఇచ్చాడు. మరి చాకలికి కూలి ఇవ్వాలా, అక్కర్లేదా? ఇవ్వాలని చెప్పినా, అక్కర్లేదని చెప్పినా తప్పే అనమని ఇమామ్ గారు ఆ మనిషికి ముందే చెప్పి పంపారు. అబూ యూసుఫ్ మొదట ఇవ్వాలన్నారు. తప్పు అన్నాడతను. ఆలోచించి అక్కర్లేదన్నారు. అదీ తప్పే అన్నాడు.

అబూ యూసుఫ్ వెంటనే లేచి ఉస్తాద్ దగ్గరికి వచ్చారు. చాకలి సమస్యే నిన్ను తీసుకొచ్చి ఉంటుందని ఇమామ్ గారు గ్రహించి, జవాబు విడమరచి చెప్పారు. బట్టను కాజేయాలనుకోక ముందే ఉతికి ఉంటే అది యజమాని కోసం చేసిన పని, కాబట్టి కూలి ఇవ్వాలి. కాజేశాక ఉతికి ఉంటే అది తన కోసం చేసుకున్న పని, కూలి లేదు.

యౌవనంలో ఇరవై జవాబుల తేడా ఇమామ్ గారికి నేర్పిన పాఠాన్నే ఈ ఒక్క ప్రశ్న ఆయన శిష్యునికి నేర్పింది. గర్వం కరిగిపోయింది, కాని మనసు విరగలేదు. తిరిగి రావడానికి తలుపు తెరిచే ఉంది. ఆ శిష్యుడే తరువాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి (ఖాజీ అల్ ఖుజాత్) అయ్యారు. పన్నుల వ్యవస్థపై కితాబుల్ ఖరాజ్ అనే గ్రంథం రాసి, ఖలీఫాకే న్యాయం చేయమని హితబోధ చేశారు. హిజ్రీ 182 (క్రీ.శ. 798)లో మరణించారు.

చివరి పాఠం

ఖలీఫా మన్సూర్ ఇమామ్ గారిని బాగ్దాద్‌కు పిలిపించి న్యాయమూర్తి పదవి చేపట్టమని ఒత్తిడి చేశాడు. పాలకుల ఒత్తిడికి లోనై తీర్పు చెప్పవలసి వస్తుందేమోనన్న భయంతో ఆయన నిరాకరించారు. చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బాగ్దాద్‌లోనే కన్నుమూశారు. ఆయన సమాధి ఉన్న ప్రాంతం ఆయన బిరుదు మీదుగానే నేటికీ ఆజమియా అని పిలువబడుతోంది.

మనం నేర్చుకోవలసినవి

ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా! పాఠశాలల్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. బెత్తం పక్కన పెట్టాక దాని స్థానంలో ఏం పెట్టాలో ఇమామ్ గారి జీవితం మనకు నేర్పుతోంది. బడికి రాని పిల్లవాణ్ణి హాజరు పట్టీలో గీత గీసి వదిలేయకుండా అతని ఇంటి పరిస్థితి కనుక్కుందాం. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి నోరు మూసుకోమనకుండా అతని మాట పూర్తిగా విందాం. ప్రతిభ ఉన్నవాణ్ణి మెచ్చుకుందాం. ఆ మెప్పు తలకెక్కితే నలుగురిలో తిట్టకుండా, అతని పొరపాటు అతనికే తెలిసివచ్చేలా చేద్దాం.

తల్లిదండ్రులు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇమామ్ గారి కుమారుడు హమ్మాద్ సూరె ఫాతిహా నేర్చుకున్నప్పుడు, ఆయన ఆ ఉస్తాద్‌కు ఐదు వందల దిర్హములు పంపారని ఉల్లేఖనంలో ఉంది. అంత పెద్ద మొత్తానికి తానేం చేశానని ఆ ఉస్తాద్ ఆశ్చర్యపోతే, మీరు నేర్పింది చిన్నది కాదని, ఇంకా ఉంటే ఇంకా ఇచ్చేవాణ్ణని ఇమామ్ గారు తెలియజేశారు. ఇంట్లో పిల్లల ముందు ఉస్తాద్‌ను తేలిక చేసి మాట్లాడి, బడిలో మాత్రం పిల్లలు గౌరవించాలని కోరుకుంటే ఎలా కుదురుతుంది? కాబట్టి అదబ్ ముందు మన ఇంట్లో, మన నాలుక మీద కనిపించాలి.

అల్లాహ్ మన ఉపాధ్యాయులకు ఓర్పును, మన పిల్లలకు వినయాన్ని, మనందరికీ ఆచరించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.